కదలని చిక్కుడు పిక్కలు

ఘాట్ రోడ్డు మొదటి మలుపులో వీరభద్రరావు జేబులోంచి నిమ్మకాయ తీస్తాడు. రెండో మలుపులో దాన్ని వాసన చూస్తాడు. మూడో మలుపు ఎలా ఉంటుందో ఆయన ఇంతవరకూ చూడలేదు, ఎందుకంటే అప్పటికి తల ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. బస్సెక్కగానే కండక్టరు ఆయనకి కిటికీ పక్క సీటు ఖాళీ చేయిస్తాడు. లెక్చరర్‌గారన్న గౌరవంతో కాబోలని మొదట్లో మురిసిపోయేవాడు. అది పక్కవాళ్ళ బట్టల క్షేమం కోసమని తెలిశాక మురిపెం పోయింది గానీ, సీటు మాత్రం మిగిలింది.

అరకు దాటాక కొండవాలు మీద ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఆయన కామర్స్ చెబుతాడు. భార్య కమల విశాఖపట్నంలో ఉంటుంది, ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. శనివారం కొండ దిగడం, ఆదివారం ఎక్కడం, సోమవారం నీరసంగా పాఠం చెప్పడం, ఇదీ వీరభద్రరావు సంసారం. పైన గదిలో తనే వండుకుంటాడు. ఉప్మా అడుగంటితే పైది తింటాడు, పైన ఉడక్కపోతే అడుగుది తింటాడు. స్టాఫ్‌రూములోకి ఎవరు కొత్తగా వచ్చినా, మా ఆవిడకి చలి పడదండీ, లేకపోతే ఈపాటికి తీసుకొచ్చేద్దును అని చెప్పుకుంటాడు.

చలి పడదని కమల ఏనాడూ అనలేదు. ఉద్యోగం ఇక్కడికి మారిన ఏడు, "నేనూ వచ్చెయ్యనా?" అని ఒకే ఒక్కసారి అడిగింది. ఈయన "చూద్దాం" అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగలేదు కనక ఆవిడకి ఇష్టం లేదని ఈయన తీర్మానించేసుకున్నాడు. తీర్మానాలు చేసుకోవడంలో మాత్రం మహా చురుకు.

చూద్దాం అన్నది ఆయన నాలుక మీద కాపురం పెట్టిన మాట. సెలవు కావాలన్న పిల్లవాడికీ చూద్దాం, లైబ్రరీ తాళం అడిగిన అమ్మాయికీ చూద్దాం. అందులో ఒక సుఖం ఉందని ఆయనే ఒప్పుకుంటాడు. అవునని చిక్కుల్లో పడక్కర్లేదు, కాదని చెడ్డవాడు కానక్కర్లేదు.

ఎలాగైనా కొండ దిగిపోవాలి, కమల దగ్గర వేడివేడిగా అన్నం తినాలి అన్నది ఆయనకున్న ఏకైక ఆశయం. అది తీరే దారి దసరా సెలవుల్లో విశాఖపట్నంలో కనిపించింది. అక్కడ ఒక మేనేజ్‌మెంట్ సంస్థ వాళ్ళు కామర్స్ లెక్చరర్లకి శిక్షణ పెట్టారు. సరుకు పొలం నుంచి దుకాణం దాకా ఎలా నడుస్తుందో పిల్లలకి ఉపన్యాసంతో కాదు, ఆటతో నేర్పాలన్నారు. నేర్పినావిడ ప్రొఫెసర్ బిందుమాధవి.

ఆట చూడ్డానికి చిన్నపిల్లల ఆటలాగే ఉంటుంది. నాలుగు బల్లలు వేస్తారు. ఒకటి దుకాణం, దాని వెనక పట్నం గోదాము, దాని వెనక సంత వ్యాపారి, చివర రైతులు. కొనేవాడు వచ్చి దుకాణంలో ఇన్ని కావాలని చీటీ ఇస్తాడు. దుకాణంవాళ్ళు తమకెన్ని కావాలో గోదాముకి రాస్తారు, గోదాంవాళ్ళు వ్యాపారికి, వ్యాపారి రైతులకి. సరుకు అటునుంచి ఇటు వస్తుంది. చీటీ మీద అంకె తప్ప ఇంకేం రాయకూడదు. బల్లకీ బల్లకీ మధ్య మాట అసలుండకూడదు. మాట్లాడినవాళ్ళు ఆటలోంచి బయటికి.

ఇక చూడాలి తమాషా. కొనేవాడు రెండు ఎక్కువ అడిగితే దుకాణంవాళ్ళు, ఎందుకైనా మంచిదని నాలుగు ఎక్కువ రాస్తారు. గోదాంవాళ్ళు అది చూసి హడలిపోయి పది రాస్తారు. రైతుల దగ్గరికి వెళ్ళేసరికి ఊరు తగలబడినంత కంగారు. తీరా సరుకు గుట్టలుగా వచ్చిపడే వేళకి అడిగే నాథుడుండడు. కొనేవాడు మొదటినుంచీ నిలకడగానే ఉన్నాడు, మధ్యవాళ్ళే మాటామంతీ లేక ఒకరినొకరు బెంబేలెత్తించుకున్నారు అని అప్పుడు పిల్లలకి చూపించాలి. అదే పాఠం.

శిక్షణ చివర్లో బిందుమాధవి ఒక మాట చెప్పింది. సంక్రాంతికి ముందు ప్రతి కాలేజీకీ వచ్చి ఈ ఆట ఎలా ఆడిస్తున్నారో చూస్తానని, బాగా ఆడించినవాళ్ళని శిక్షకులుగా తీసుకుంటానని. శిక్షకుడంటే క్లాసులుండవు, కాలేజీలు తిరిగి మిగతా లెక్చరర్లకి నేర్పడమే పని. వీరభద్రరావుకి వెంటనే విశాఖపట్నంలో ఏసీ హాలు, మధ్యాహ్నం ఇంటి భోజనం కళ్ళముందు కనపడ్డాయి. ఏ కాలేజీలకి, ఎక్కడ అని ఆయన అడగలేదు. అడిగితే ఆశపడుతున్నట్టుంటుందని, పెద్దమనిషి తరహాలో తలాడించి వచ్చేశాడు.

కొండెక్కిన మర్నాటినుంచే ఆట మొదలుపెట్టాడు. సంస్థవాళ్ళ ఆటలో సరుకంటే ప్లాస్టిక్ బిళ్ళలు. ఈయన స్థానికతకి పెద్దపీట వేసి, వాటి బదులు హాస్టల్ వంటగదిలోంచి చిక్కుడు పిక్కలు తెప్పించాడు. కిందటేడాదివి, పుచ్చి బెజ్జాలు పడ్డవి. రైతుల బల్లకి సోని అనే అమ్మాయి పెద్ద, దుకాణానికి ఫల్గుణ. ఆట ఎంత బాగా కుదిరిందంటే, రెండు వారాలు తిరక్కుండానే ఫల్గుణ పుచ్చు పిక్కల కోసం ప్రాణం మీదికి వచ్చినట్టు చీటీలు రాసేవాడు, సోని బల్ల వాళ్ళు తలలు పట్టుకునేవారు. బల్ల దాటేకొద్దీ అంకెలు అలలా లేస్తాయని శిక్షణలో చెప్పారు, ఇక్కడ అల కాదు, ఉప్పెన లేచింది. వీరభద్రరావు ఆ రాత్రుళ్ళు ఉప్మా మాడినా పట్టించుకోలేదు.

బిందుమాధవి వచ్చే ముందురోజు ఆయనకి కొత్త బెంగ పట్టుకుంది. అంత దూరం నుంచి వచ్చే మనిషికి పుచ్చు పిక్కలా చూపించడం? మైదానం నుంచి వచ్చి బజార్లో కిరాణా పెట్టుకున్న అప్పన్న దగ్గరికి వెళ్ళాడు. అప్పన్న గోనెసంచీ మూతి విప్పి, ఈ ఏటి పంటండి, నిన్ననే దిగింది అన్నాడు. పిక్కలు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. వీరభద్రరావు మారుమాట లేకుండా సంచీ నిండా కొన్నాడు. తన కొంప తను ముంచుకోవడానికి ఇంత ముచ్చటగా సంచీ పట్టుకు వెళ్ళినవాడు మరొకడుండడని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. బిందుమాధవి స్వెటరూ, లాప్‌టాపూ వేసుకుని దిగింది. ప్రిన్సిపాల్ వెంట ఉన్నాడు. వీరభద్రరావు పెళ్ళినాటి కోటు తొడిగాడు. బొత్తాం పడలేదు కనక ఊపిరి బిగబట్టి స్వాగతం చెప్పాడు.

ఆట నియమాలు చెప్పి అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ స్థానిక సంప్రదాయాలు తనకి కొట్టినపిండి అని ఆవిడకి తెలియాలి కదా. ఈ కొండల్లో ప్రతి ఊరికీ దిసారి ఉంటాడు మేడమ్, ఆకాశం చూసి మంచిరోజు పెడతాడు, ఆయన మాట లేకుండా ఏ పనీ జరగదు అని వివరించాడు. అని, పిల్లలవైపు తిరిగి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఈ ఆటకి నేనే మీ దిసారిని. నా మాట లేనిదే ఇక్కడ పిక్క కదలదు."

బిందుమాధవి నవ్వి ఏదో రాసుకుంది. సోని లేచి నిలబడింది. కొత్త పిక్కల గుట్టమీదినుంచి చెయ్యి తీసేసి, "సార్, మరైతే..." అంది.

"చూద్దాం, కూర్చో. ఇక మాటల్లేవు" అన్నాడు వీరభద్రరావు, ఆట మొదలని గంట కొట్టేశాడు.

కొనేవాడి వేషం ఆయనదే. దుకాణానికి వెళ్ళి నాలుగు పిక్కలకి చీటీ ఇచ్చాడు. ఫల్గుణ తన దగ్గరున్న పాత పిక్కల్లోంచి నాలుగు ఇచ్చి, గోదాముకి సున్నా అని రాశాడు. గోదాం వ్యాపారికి సున్నా రాసింది. వ్యాపారి రైతులకి సున్నా రాశాడు. రైతులు ఏమీ పంపలేదు. ఆటలో ఒక్కో విడత ఒక వారం కింద లెక్క. రెండో వారం, మూడో వారం ఇదే తంతు. దుకాణంలో పిక్కలు అయిపోయాయి. ఫల్గుణ ఖాళీ బల్లమీద మోచేతులు ఆనించి, గొర్రెలు కాసేవాడంత నింపాదిగా కూర్చున్నాడు. మళ్ళీ సున్నా రాశాడు.

వీరభద్రరావు నాలుగు బల్లలూ కలయజూశాడు. కంగారు పడాల్సిన చోట ఎవరూ కంగారు పడటం లేదు. అల ఏదీ? నిన్నటిదాకా లేచిన ఉప్పెన ఏదీ? ఆయన పదికి చీటీ రాశాడు. ఫల్గుణ దాన్ని గౌరవంగా అందుకుని పక్కన పెట్టాడు. ఇరవై రాశాడు. నలభై రాశాడు. ఒక చీటీ తీసుకునేలోపు ఇంకొకటి ఇచ్చాడు. చెమట పట్టి కోటు తీసేశాడు. ప్రిన్సిపాల్ మొహం అటు తిప్పుకున్నాడు, బిందుమాధవి మాత్రం ఒక్కొక్క అంకెనీ లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తూనే ఉంది.

మాట్లాడకూడదన్న నియమం తనదే, కాబట్టి కళ్ళతో ప్రయత్నించాడు. సోనివైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు, పంపమని. సోని కూడా కనుబొమ్మలు ఎగరేసింది. ఆయన గడ్డంతో పిక్కలగుట్టని చూపించాడు. ఆ పిల్ల గడ్డంతో గోడమీద క్యాలెండర్ని చూపించింది. ఆయన పళ్ళు నూరాడు. ఆ పిల్ల మళ్ళీ క్యాలెండర్ని చూసి, కిటికీలోంచి ఆకాశాన్ని చూసి, ఆయన్ని చూసింది. నా ఉద్యోగం ఇక్కడ మంటకలుస్తుంటే ఈ గుంట పండగ సెలవులు లెక్కపెట్టుకుంటోందని ఆయనకి ఒళ్ళు మండిపోయింది. అప్పుడు గమనించాడు, ఒక్క సోని కాదు, నాలుగు బల్లల వాళ్ళూ తననే చూస్తున్నారు. బస్సు కోసం చూసినట్టు, ఓపిగ్గా.

ఆయన నూరు రాశాడు. ఎందుకు రాశాడో ఆయనకే తెలియదు.

బిందుమాధవి ఇక చాలన్నట్టు చెయ్యెత్తి, పిల్లల్ని మాట్లాడమంది. సోని లేచింది. అంతసేపు నోరు కట్టేసుకున్న మనిషి, ఆగకుండా చెప్పింది.

"పాత పిక్కలైతే పంపేద్దుము సార్. ఇయ్యి ఈ ఏటి పంట. ఊర్లో కొత్త సెయ్యకండా కొత్త పిక్కలు ఎలాగ పంపుతాం? రోజు దిసారి పెట్టాల. దిసారి నేనేనన్నారు మీరు. అడుగుదుమంటే మాటాడొద్దన్నారు."

ప్రిన్సిపాల్ ఈ కొండమనిషే, ఆయన బిందుమాధవికి విడమరిచి చెప్పాడు. పంట ఏదైనా, చిక్కుడైనా సామలైనా మామిడైనా, ఊరంతా కలిసి అమ్మవారికి పెట్టి పండగ చేసుకున్నాకే నోట పెడతారు. ఆ పండగనే కొత్త అంటారు. దిసారి రోజు పెట్టేదాకా ఇంట్లో పంట ఉన్నా లేనట్టే.

మా ఊళ్ళో తినరు గానీ సంతకి ఎయ్యొచ్చు అని ఫల్గుణ గొణిగాడు. మా ఊళ్ళో అదీ నేదని సోని గట్టిగా అంది. ఇద్దరికీ కాసేపు వాదన నడిచింది. మరి నువ్వు సున్నాలు ఎందుకు రాశావని బిందుమాధవి ఫల్గుణని అడిగింది.

"రైతుల కాడ కొత్త అవనేదని తెలుస్తానే ఉంది కద మేడమ్. రాని సరుకు రాసుకుని ఏటి సేత్తాం? సార్ రోజు సెప్పేసరికి అవే వస్తాయి." ఫల్గుణ ఒక్క క్షణం ఆగి, "సారే మరి బేగి సెప్పనేదు" అన్నాడు.

వీరభద్రరావు చేతిలోని కలం కింద పెట్టేశాడు. గంటసేపు తను ఎవరి మీద పళ్ళు నూరాడో వాళ్ళంతా తన నోటివంకే చూస్తూ కూర్చున్నారు. సరుకుంది, చేతులున్నాయి, అడిగేవాడున్నాడు. అడ్డం పడుకున్నది తనే.

"అయితే ఎప్పుడు సార్ కొత్త?" అని సోని అడిగింది.

"చూద్దాం" అన్నాడు వీరభద్రరావు. ఆయన అనలేదు, నాలుక అనేసింది.

సోని నిట్టూర్చి చున్నీ తీసి పిక్కల మీద కప్పింది. క్లాసంతా ఘొల్లున నవ్వింది. నవ్వు ఆపుకోలేక ప్రిన్సిపాల్ దగ్గాడు.

బిందుమాధవి లాప్‌టాప్ తిప్పి చూపించింది. తెర అడుగున నాలుగు గీతలు చదునుగా, కదలకుండా పడుకుని ఉన్నాయి. అయిదో గీత మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కినట్టు పైపైకి పోయింది. అదెవరిదని ప్రిన్సిపాల్ అమాయకంగా అడిగాడు. కొనేవాడిదని ఆవిడ చెప్పింది.

"ఈ ఆట చాలాచోట్ల ఆడించాను. ప్రతిచోటా కొనేవాడు నిలకడగా ఉంటాడు, మిగతావాళ్ళకి పిచ్చెక్కుతుంది. మిగతా అందరూ నిమ్మళంగా ఉండి కొనేవాడికి పిచ్చెక్కడం ఇదే చూడటం" అంది బిందుమాధవి.

నేల రెండుగా చీలితే అందులోకి దూకేద్దామనిపించింది వీరభద్రరావుకి. చీలలేదు. ప్రభుత్వ భవనమైనా ఆ ఒక్క నేల మాత్రం గట్టిగా వేశారు. కొండ దిగే దారి మూసుకుపోయిందని ఖాయం చేసుకుని ఆయన కోటు మడతపెట్టుకుంటుంటే, "శిక్షకుడు మీరే" అంది బిందుమాధవి.

"ఒక్క మాటకోసం ఇంతమంది పిల్లలు అంతసేపు ఆగే క్లాసు నాకెక్కడా కనపడలేదు. కురుపాం, చింతపల్లి, రాజవొమ్మంగి, కొండ కాలేజీలన్నీ మీకే ఇస్తాను."

"కొండ కాలేజీలా?" అన్నాడాయన.

పట్నం కాలేజీలకి వేరేవాళ్ళున్నారని ఆవిడ చెప్పింది. "మీరు కొండమీదే ఉండాలనుకుంటున్నారనుకున్నాను. వేరే మాటేదీ మీరు అనలేదుగా."

నిజమే, అనలేదు. పెద్దమనిషి తరహాలో తలాడించి వచ్చేశాడు. వీరభద్రరావు కళ్ళముందు ఏసీ హాలు చెరిగిపోయి, మలుపు తర్వాత మలుపు, మూడు కొండల మలుపులూ వరసగా తిరిగాయి. నిమ్మతోటే వెయ్యాలి. సరేనా అని ఆవిడ అడిగింది. ఆయన నోటిదాకా వచ్చిన మాటని ఈసారి పళ్ళతో పట్టుకుని, ఒక్క ఫోను చేసుకుని వస్తానని వరండాలోకి వెళ్ళాడు.

కమల ఫోను ఎత్తేసరికి వెనక మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆయన జరిగినదంతా చెప్పాడు, తనకి పిచ్చెక్కిన సంగతితో సహా. ఉద్యోగం వచ్చిందనీ, అది మళ్ళీ కొండలమీదే అనీ చెప్పాడు. మిషను ఆగింది.

"అయితే కిందకి రారన్నమాట" అంది కమల.

ఆ మాటలో కోపం లేదు. అలవాటుపడిపోయిన మనిషి గొంతు అది, అందుకే ఆయనకి ఎక్కడో కలుక్కుమంది. కిటికీ అవతల సోని చున్నీ కప్పిన గుట్ట పక్కన చేతులు కట్టుకు కూర్చుని ఇటే చూస్తోంది. ఇన్నేళ్ళూ కమల కొండెక్కదని తను ఊరంతా చాటుకున్నాడు. ఆవిడ ఒక్కసారి అడిగి, ఇదిగో ఇలాగే చేతులు కట్టుకు కూర్చుంది కాబోలు.

"నువ్వు వచ్చెయ్యి కమలా" అన్నాడు. అని, వెంటనే భయమేసి, "చలి మాత్రం ఎక్కువే" అని కలిపాడు.

"మీరు అక్కడ చేరిన ఏడే రెండు రగ్గులు కొన్నానండి. కవరు కూడా విప్పలేదు. మీరు రమ్మంటే విప్పుదామని."

ఆ కవరు బీరువా మీద ఉంది. ప్రతి శనివారం ఆయన దానికిందే చొక్కా విప్పి తగిలిస్తాడు. అదేమిటని అడిగిన పాపాన పోలేదు. వీరభద్రరావుకి సిగ్గేసింది, కళ్ళు చెమ్మగిల్లాయి, ముక్కు తుడుచుకుందామంటే జేబులో నిమ్మకాయ తప్ప రుమాలు లేదు.

లోపలికి వచ్చి బిందుమాధవికి సరేనన్నాడు. పిల్లలవైపు తిరిగి, "కొత్త ఇవాళే" అన్నాడు.

మా ఊరి కొత్త వేరేగా ఉంది సార్, ఇది ఆటకి సాలు అని సోని ముందే తేల్చి చెప్పి, చున్నీ తీసింది. మొదటి గుప్పెడు పిక్కలు ఒక కాగితంలో పోసి కిటికీ గట్టున పెట్టింది. అందరూ లేచి నిలబడ్డారు, ప్రిన్సిపాల్ కూడా. తర్వాత పిక్కలు కదిలాయి. రైతుల దగ్గర్నుంచి వ్యాపారికి, వ్యాపారి నుంచి గోదాముకి, అక్కణ్ణుంచి దుకాణానికి. ఫల్గుణ దాచిపెట్టిన చీటీలన్నీ ఒక్కటొక్కటే బయటికి తీశాడు. పదీ, ఇరవై, నలభై, నూరూ. అడిగినవాడు తీసుకోవాల్సిందే కద సార్ అని వీరభద్రరావు ముందున్న బల్లమీద గుమ్మరించాడు.

బల్ల చాలలేదు. పిక్కలు జారి గదంతా దొర్లాయి. వీరభద్రరావు నేలమీద చతికిలబడి, కోటు పరిచి ఏరి పోస్తుంటే ఫోను మోగి, కమల దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. ఏ బస్సు ఎక్కాలండీ అని అడిగింది.

ఆయన గుప్పిట్లో పిక్కలు పక్కన పెట్టి, రేపు పొద్దున్న మొదటి బస్సు, కిటికీ పక్క సీటు, అని రాశాడు. నిమ్మకాయ తెచ్చుకో అని కూడా రాశాడు.